ఉలుకూ పలుకూ లేని డేటాబేస్ విండో: ఎవరు ఎవరి కోసం ఆగారు?

రాత్రి పదకొండు దాటింది. రిలీజ్ నడుస్తోంది, టీమ్ అంతా కాల్‌లో ఉంది. ఒకరు నల్లటి విండోలో చిన్న కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కారు. రెండు సెకన్లలో అయిపోవాల్సిన పని. ఐదు నిమిషాలైనా కర్సర్ మినుకుమినుకుమనడం తప్ప ఇంకేమీ లేదు. 'హ్యాంగ్ అయినట్టుంది, విండో మూసేసి మళ్లీ తెరవనా?' అని అడిగితే ఒకరు 'కిల్ చేసెయ్' అంటారు, ఇంకొకరు 'ముట్టుకోకు, డేటా పోతుంది' అంటారు. ఇద్దరూ అనుభవంతోనే చెబుతారు. ఒక్కో సందర్భంలో ఒక్కొక్కరి మాట నిజమవుతుంది. అందుకే ఆ క్షణంలో అందరికీ అంత టెన్షన్.

డేటాబేస్‌తో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఈ పరిస్థితిని కాస్త విడదీసి చూద్దాం. ఉదాహరణలకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పొట్టిగా పోస్ట్‌గ్రెస్), మైఎస్‌క్యూఎల్ అనే రెండు డేటాబేస్‌లనూ, వాటితో కమాండ్లు కొట్టడానికి వచ్చే పీఎస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ అనే ప్రోగ్రామ్‌లనూ తీసుకుంటున్నాను. కమాండ్ల పేర్లను చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే రాస్తున్నాను.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. హ్యాంగ్ అయినట్టు కనిపించే ప్రోగ్రామ్ నిజంగా చచ్చిపోయి ఉండటం చాలా అరుదు. దాదాపు ఎప్పుడూ అది దేనికోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ ఎదురుచూపు ఎవరి కోసమో తెలియకముందే కిల్ చేస్తే ఒక్కోసారి ఐదు నిమిషాల సమస్య ఐదు గంటల సమస్యగా మారుతుంది.

## విండో ఇక్కడ, పని అక్కడ

క్లయింట్ అంటే మీరు టైప్ చేసే ప్రోగ్రామ్. సర్వర్ అంటే డేటాను నిజంగా దాచి, వెతికి, మార్చే ప్రోగ్రామ్. రెండూ ఒకే లాప్‌టాప్‌లో ఉండొచ్చు, లేదా ఒకటి హైదరాబాద్‌లో ఉండి ఇంకొకటి అమెరికాలో ఏదో డేటా సెంటర్‌లో ఉండొచ్చు. మధ్యలో నెట్‌వర్క్. ఒక క్లయింట్ కనెక్ట్ అయిన దగ్గరి నుంచి డిస్‌కనెక్ట్ అయ్యేదాకా నడిచే సంభాషణ సెషన్.

క్లయింట్ చేసే పని చాలా తక్కువ. మీరు రాసింది సర్వర్‌కు పంపుతుంది, జవాబు వచ్చేదాకా ఆగుతుంది, వచ్చింది తెర మీద చూపిస్తుంది. కాబట్టి అది ఆగిపోయే చోట్లు కూడా తక్కువే. మీ కీబోర్డు కోసం ఆగి ఉంటుంది, లేదా తెర మీద చూపించడానికి ఆగి ఉంటుంది, లేదా సర్వర్ జవాబు కోసం ఆగి ఉంటుంది. మూడోదే అయితే మళ్లీ ఒక ప్రశ్న: సర్వర్ ఎవరి కోసం ఆగింది? అసలు మీ మాట సర్వర్ దాకా చేరిందా?

## అది మీ కోసమే కూర్చుని ఉంటే

కొత్తవాళ్లకు ఎదురయ్యే 'హ్యాంగ్'లలో ఎక్కువ భాగం ఇవే. కమాండ్ చివర సెమీకోలన్ పెట్టకపోతే క్లయింట్ దాన్ని సర్వర్‌కు పంపదు. ఇంకా రాస్తారేమో అని చూస్తుంది. ఆ సంగతి అది చెప్పడం మానదు. చెప్పేది చాలా చిన్న గుర్తుతో, అంతే. కమాండ్ కొట్టే చోటికి ముందు కనిపించే ఆ గుర్తునే ప్రాంప్ట్ అంటారు.

పీఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్ పేరు 'బిల్లింగ్' అనుకుంటే మామూలు ప్రాంప్ట్ 'బిల్లింగ్=>' అని ఉంటుంది. సూపర్‌యూజర్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా వెళ్తే చివర బాణం బదులు '#' వస్తుంది. సెమీకోలన్ లేకుండా ఎంటర్ నొక్కితే ఆ '=' కాస్తా '-' అవుతుంది: 'బిల్లింగ్->'. బ్రాకెట్ మూయకపోతే '-' స్థానంలో '(' వస్తుంది, కొటేషన్ మూయకపోతే కొటేషన్ గుర్తే వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే పద్ధతి. 'మైఎస్‌క్యూఎల్>' అనేది '->' గానో, ఒక కొటేషన్ పక్కన బాణం గానో మారుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. డేటాను చదివే 'సెలెక్ట్' కమాండ్‌ను ఒకరు ఇలా కొట్టారు:

సెలెక్ట్ * ఫ్రమ్ కస్టమర్లు వేర్ ఊరు = 'నెల్లూరు;

సెమీకోలన్ ఉంది. అయినా ఏమీ రాలేదు. నెల్లూరు తర్వాత కొటేషన్ మూయలేదు కాబట్టి ఆ సెమీకోలన్ కూడా ఊరి పేరులో భాగమైపోయింది. ఇప్పుడు ఇంకో పది సెమీకోలన్లు కొట్టినా అన్నీ ఆ పేరులోకే వెళ్తాయి. రాసినదాన్ని చెరిపేసే కమాండ్ పీఎస్‌క్యూఎల్‌లో 'బ్యాక్‌స్లాష్ ఆర్', మైఎస్‌క్యూఎల్‌లో 'బ్యాక్‌స్లాష్ సి'. కానీ తెరిచి ఉన్న కొటేషన్ లోపల అవి కూడా మామూలు అక్షరాలే. ముందు కొటేషన్ మూస్తేనే పనిచేస్తాయి. పీఎస్‌క్యూఎల్‌లో అయితే కంట్రోల్-సి నేరుగా ఆ అసంపూర్తి వాక్యాన్ని వదిలేసి మొదటి ప్రాంప్ట్‌కు తెస్తుంది. మైఎస్‌క్యూఎల్ కొత్త వెర్షన్లలోనూ అంతే. పాతవాటిలో మాత్రం అదే కీ క్లయింట్ నుంచే బయటకు పంపేసే అవకాశం ఉంది. బయటపడే దారి తెలియక ఇబ్బంది పడేవాళ్ల కోసం 2018లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 11 నుంచి పీఎస్‌క్యూఎల్ 'క్విట్', 'ఎగ్జిట్' అనే మామూలు మాటలను కూడా అర్థం చేసుకుంటోంది. వాక్యం మధ్యలో ఉండగా ఆ మాట కొడితే బయటకు ఎలా వెళ్లాలో సూచన చూపిస్తుంది.

తెర దగ్గర ఆగిపోవడం ఇంకో రకం. ఫలితం ఒక తెరకు మించితే పీఎస్‌క్యూఎల్ దాన్ని పేజర్ అనే వేరే ప్రోగ్రామ్‌కు అప్పజెబుతుంది. లినక్స్‌లో అది సాధారణంగా 'లెస్'. తెర అడుగున ఒక కోలన్ గానీ 'ఎండ్' అనే మాట గానీ కనిపిస్తుంటే మీరు మాట్లాడుతున్నది పీఎస్‌క్యూఎల్‌తో కాదు, లెస్‌తో. క్యూ అక్షరం నొక్కితే అది వెళ్లిపోతుంది.

టెర్మినల్, అంటే ఆ నల్లటి విండో కూడా ఆగిపోవచ్చు. వర్డ్‌లోనూ ఎడిటర్లలోనూ సేవ్ చేసే అలవాటుతో కంట్రోల్-ఎస్ నొక్కితే లినక్స్ టెర్మినల్‌కు అది 'చూపించడం ఆపు' అన్న ఆజ్ఞ. టెలిటైప్ యంత్రాలు వాడిన రోజుల్లో కాగితం మీద అచ్చు వేసే వేగం సరిపోక, పంపేవాళ్లను ఆగమని చెప్పడానికి పెట్టుకున్న సంకేతం అది. యంత్రాలు పోయాయి, సంకేతం మిగిలింది. కంట్రోల్-క్యూ నొక్కితే అప్పటిదాకా ఆగిన అక్షరాలన్నీ ఒక్కసారిగా వచ్చేస్తాయి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో దీనికి ఒక చుట్టం ఉంది. క్విక్ ఎడిట్ ఆన్‌లో ఉన్నప్పుడు విండోలో మౌస్‌తో ఒక్క క్లిక్ చేస్తే, అక్షరాలను ఎంచుకుంటున్నారనుకుని ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను ఆపేస్తుంది. టైటిల్ బార్‌లో 'సెలెక్ట్' అనే మాట కనిపిస్తుంది. ఎస్కేప్ కొడితే కదులుతుంది.

స్క్రిప్టుల్లో మాత్రం ఇలాంటి ఆగడం ప్రమాదకరం, ఎందుకంటే చూసేవాళ్లు ఎవరూ ఉండరు. పాస్‌వర్డ్ అడుగుతూ తెల్లవార్లూ కూర్చున్న బ్యాకప్ స్క్రిప్టు పొద్దున్నే బయటపడుతుంది. పీఎస్‌క్యూఎల్‌ను చిన్న అక్షరం 'డబ్ల్యూ' ఆప్షన్‌తో నడిపితే పాస్‌వర్డ్ కోసం ఆగదు, తప్పు చూపించి వెంటనే బయటకు వస్తుంది. డాకర్ కంటైనర్ లోపల కమాండ్లు నడిపే 'డాకర్ ఎగ్జిక్'తో పీఎస్‌క్యూఎల్‌ను నడిపేటప్పుడు 'ఐ' ఒక్కటి ఇచ్చి 'టీ' మర్చిపోయినా ఇలాగే మోసపోతాం. ప్రాంప్ట్ కనిపించదు, కానీ లోపల అది మీ మాట వింటూనే ఉంటుంది. సెమీకోలన్‌తో ఒక సెలెక్ట్ కొట్టి చూస్తే జవాబిస్తుంది.

## నడుస్తోంది, కనపడటం లేదు

ఒక పెద్ద టేబుల్ మీద షరతులేవీ లేని సెలెక్ట్ కొట్టారనుకోండి. మొదటి వరుస సర్వర్ దగ్గర వెంటనే సిద్ధమవుతుంది. కానీ రెండు క్లయింట్లూ మామూలుగా ఫలితం మొత్తాన్ని తమ మెమరీలోకి తెచ్చుకున్నాకే తెర మీద చూపిస్తాయి. కోటి వరుసలైతే ఆ కోటీ వచ్చేదాకా తెర ఖాళీ. మీ మెషీన్ మెమరీ నిండుతూ ఉంటుంది, చివరికి క్లయింటే కూలిపోవచ్చు కూడా. పీఎస్‌క్యూఎల్‌లో 'ఫెచ్_కౌంట్' అనే విలువకు 1000 అని ఇస్తే వెయ్యేసి వరుసలుగా తెస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో 'క్విక్' ఆప్షన్ వచ్చిన వరుసను వచ్చినట్టే చూపిస్తుంది. అయితే మీరు చదవడం ఆలస్యమైతే అక్కడ సర్వర్ కూడా మీ కోసం ఆగుతుంది.

## ఒక్క కమిట్ మర్చిపోతే

అసలు కథ ఇక్కడుంది. అనుభవం ఉన్నవాళ్లను కూడా నిద్రలేపేది ఇదే.

ట్రాన్సాక్షన్ అంటే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అన్న ఒప్పందంతో చేసే పనుల కట్ట. 'బిగిన్'తో మొదలవుతుంది, 'కమిట్'తో ఖరారవుతుంది, 'రోల్‌బ్యాక్'తో రద్దవుతుంది. ఈలోగా ఇద్దరు ఒకేదాన్ని చెడగొట్టుకోకుండా డేటాబేస్ తాళాలు వేస్తుంది. వాటినే లాక్ అంటాం. పని మొదలైనప్పుడు పడిన ఈ తాళం, పని అయిపోగానే కాదు, ట్రాన్సాక్షన్ ముగిశాకే తీస్తారు. గందరగోళమంతా ఈ తేడాలోంచే పుడుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో మూడు విండోలు ఊహించుకోండి.

మధ్యాహ్నం 1:05కి మొదటి విండోలో ఒకరు బిగిన్ కొట్టి, 'బిల్లులు' టేబుల్లో ఒకే ఒక్క వరుసను అప్‌డేట్ చేశారు. కమిట్ కొట్టకుండా భోజనానికి లేచారు. ప్రాంప్ట్ మాత్రం 'బిల్లింగ్=*>' అని ఒక స్టార్ గుర్తుతో ట్రాన్సాక్షన్ తెరిచే ఉందని చెబుతోంది. చూసేవాళ్లు లేరు.

1:20కి రెండో విండోలో ఇంకొకరు అదే టేబుల్‌కు ఒక కొత్త కాలమ్ చేర్చే 'ఆల్టర్ టేబుల్' కొట్టారు. క్షణంలో అయ్యే పనే. కానీ ఆ క్షణం పాటు టేబుల్ మొత్తం తనకే కావాలి. మొదటి ట్రాన్సాక్షన్ ముగిసేదాకా అది దొరకదు. ఆగింది.

1:21కి మూడో విండోలో ఒక మామూలు సెలెక్ట్. చదవడానికి అప్‌డేట్‌తో ఏ తగాదా లేదు. పోస్ట్‌గ్రెస్‌లో చదివేవాళ్లు రాసేవాళ్ల కోసం ఆగరు. అయినా ఇదీ ఆగిపోయింది. కారణం లైను. ఆల్టర్ ముందు నిలబడి ఉంది, దానితో సెలెక్ట్‌కు పొసగదు, కాబట్టి దాన్ని దాటి వెళ్లనివ్వరు. ఇరుకు వంతెన మీద ఒక స్కూటర్ ఆగి ఉందనుకోండి. పక్కనుంచి ఇంకో స్కూటర్ పోవచ్చు. కానీ వంతెన మొత్తం కావాల్సిన లారీ వచ్చి ముందు నిలబడితే, దాని వెనక వచ్చిన స్కూటర్లన్నీ ఆగాల్సిందే. ఇక వెబ్‌సైట్ నుంచి వచ్చే ప్రతి సెలెక్ట్ ఆ లారీ వెనకే చేరుతుంది. నిమిషాల్లో కనెక్షన్లు నిండిపోయి సైట్ పడిపోతుంది.

ఎవరి వెనక ఎవరున్నారో చెప్పే చోటు 'పీజీ_స్టాట్_యాక్టివిటీ' అనే వ్యూ, అంటే టేబుల్‌లాగే సెలెక్ట్‌తో చదవగలిగే జాబితా. ఇంకో కొత్త విండో నుంచి దాన్ని చూస్తే ప్రతి సెషన్‌కు ఒక నంబరు, దాని స్థితి, దేనికోసం ఆగింది అన్నవి కనిపిస్తాయి. 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి 'పీజీ_బ్లాకింగ్_పిడ్స్' అనే ఫంక్షన్ కూడా ఉంది. మన మూడు సెషన్ల నంబర్లు వరసగా 4101, 4102, 4103 అనుకుందాం. ఫంక్షన్‌ను 4103 గురించి అడిగితే 4102 అంటుంది. 4102 గురించి అడిగితే 4101 అంటుంది. 4101 గురించి అడిగితే ఖాళీ జాబితా ఇస్తుంది. గొలుసు మొదలు దొరికింది. దాని స్థితి 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్', అంటే ఏ పనీ చేయకుండా తాళాలు పట్టుకుని కూర్చుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఎక్కువసేపు 'యాక్టివ్'గా ఉన్న సెషన్ కోసం వెతికితే 4102, 4103 దొరుకుతాయి, నిజానికి అవి బాధితులు. కారణమైనది పనీపాటా లేనట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఏది ఆపాలి? 4102ను రద్దు చేస్తే లారీ పక్కకు తప్పుకుంటుంది, ఆగిన సెలెక్టులన్నీ ఆ క్షణమే కదులుతాయి, ఎవరి డేటా పోదు. కాలమ్ చేర్చడం తర్వాతకు వాయిదా, అంతే. 4101ను తెంపితే మిగతా రెండూ కదులుతాయి, కానీ భోజనానికి వెళ్లినవాళ్లు కమిట్ చేయని పని పోతుంది. అది చిన్న అప్‌డేటో, రెండు గంటలుగా చేస్తున్న దిద్దుబాటో బయటి నుంచి తెలియదు. సైట్ పడిపోయి ఉన్నప్పుడు నేనైతే ముందు 4102ను ఎంచుకుంటాను. 4101ను తెంపాలంటే 'పీజీ_టర్మినేట్_బ్యాకెండ్' వాడాలి. 'పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్' దాని మీద ఏమీ చేయలేదు, ఎందుకంటే రద్దు చేయడానికి అక్కడ నడుస్తున్న క్వెరీయే లేదు.

మైఎస్‌క్యూఎల్‌లో కథ ఇదే, పేర్లు వేరు. 'షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్' కొడితే ఆగినవాటి పక్కన 'వెయిటింగ్ ఫర్ టేబుల్ మెటాడేటా లాక్' అని ఉంటుంది. కారణమైన సెషన్ పక్కన 'స్లీప్' అని ఉంటుంది. అక్కడ చదవడానికి తెరిచిన ట్రాన్సాక్షన్ కూడా ఆల్టర్‌ను ఆపగలదు. ఎవరు ఎవరిని ఆపుతున్నారో 'సిస్' స్కీమాలోని 'స్కీమా_టేబుల్_లాక్_వెయిట్స్' అనే వ్యూ చూపిస్తుంది. రెండు గడువుల మధ్య తేడా చూడండి. ఒక వరుస తాళం కోసం ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ లోపల డేటాను దాచే భాగం) మామూలుగా ఆగేది 50 సెకన్లు, ఆ తర్వాత 1205 నంబరు ఎర్రర్ ఇస్తుంది. టేబుల్ నిర్మాణం మీద వేసే మెటాడేటా తాళం కోసం డిఫాల్ట్‌గా ఆగేది 31536000 సెకన్లు. అంటే 365 రోజులు. హ్యాంగ్ అనిపించడంలో వింతేముంది?

దీనికే ఇంకో రూపం ఉంది. కనెక్ట్ అయ్యారు, 'యూజ్ బిల్లింగ్' కొట్టారు, అక్కడే ఆగిపోయింది. ఇంకా ఏ క్వెరీ ఇవ్వనే లేదు కదా అనిపిస్తుంది. కానీ ట్యాబ్ నొక్కితే పేర్లు పూరించే సౌకర్యం కోసం క్లయింట్ టేబుళ్లు, కాలమ్‌ల పేర్లన్నీ ముందే చదువుకుంటుంది. వాటిలో ఒకటి ఆల్టర్ వెనక ఇరుక్కుని ఉంటే క్లయింట్ కూడా ఇరుక్కుంటుంది. పెద్ద 'ఏ' ఆప్షన్‌తో తెరిస్తే ఆ చదువు మానేస్తుంది, వెంటనే లోపలికి వెళ్తారు.

తాళంతో సంబంధం లేకుండా కమిట్ దగ్గరే ఆగేది కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ రెప్లికేషన్ పెట్టుకుంటే, రెండో సర్వర్ కూడా 'అందింది' అని చెప్పేదాకా కమిట్ పూర్తికాదు. ఆ రెండో సర్వర్ పడిపోతే ఇన్సర్ట్ చక్కగా నడుస్తుంది, కమిట్ మాత్రం కదలదు. యాక్టివిటీ వ్యూలో 'సింక్‌రెప్' అని కనిపిస్తుంది. విసుగొచ్చి కంట్రోల్-సి కొడితే ఒక హెచ్చరిక వస్తుంది: ట్రాన్సాక్షన్ ఇక్కడ కమిట్ అయిపోయింది, అక్కడికి చేరిందో లేదో చెప్పలేము అని. రద్దయిందనుకుని అదే ఇన్సర్ట్ మళ్లీ చేస్తే ఒకే బిల్లు రెండుసార్లు పడుతుంది. ఆ హెచ్చరికను ఆసాంతం చదవాలి.

## దారి మధ్యలో తెగితే

కనెక్ట్ అయ్యే దగ్గరే ఆగితే అర్థం చేసుకోవడం సులువు. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వెంటనే వచ్చిందంటే ఆ మెషీన్ దాకా చేరారు, ఆ పోర్టులో వినేవాళ్లే లేరు. పోస్ట్‌గ్రెస్‌కు మామూలుగా 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306. ఏ జవాబూ లేకుండా ఆగిందంటే చాలాసార్లు మధ్యలో ఒక ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా గోడ) మీ ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తోంది. లినక్స్ మళ్లీ మళ్లీ ప్రయత్నించి, రెండు నిమిషాలు దాటాక వదిలేస్తుంది. గోడ 'పో' అంటే మర్యాద, ఏమీ అనకపోతేనే ఇబ్బంది.

నడుస్తున్న కనెక్షన్ తెగడం ఇంకా చిక్కు. నెట్‌వర్క్ మీద రెండు మెషీన్లు మాట్లాడుకునే టీసీపీ కనెక్షన్ అంటే రెండు చివర్లలో ఉన్న జ్ఞాపకం మాత్రమే, మధ్యలో తీగేమీ బిగించి ఉండదు. మీరు టీకి వెళ్లి వచ్చేలోపు మధ్యనున్న పరికరం 'ఈ కనెక్షన్ వాడటం లేదు' అని మర్చిపోవచ్చు. అలాంటి పరికరాల్లో అమెజాన్ క్లౌడ్‌లోని నాట్ గేట్‌వే 350 సెకన్లు చూస్తుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లోని లోడ్ బ్యాలెన్సర్ డిఫాల్ట్ 4 నిమిషాలు. మొదటిది తర్వాత వచ్చిన ప్యాకెట్‌కు 'తెగిపోయింది' అని జవాబిస్తుంది, కాబట్టి మీకు ఎర్రర్ కనిపిస్తుంది. రెండోది డిఫాల్ట్‌గా మౌనంగా పారేస్తుంది, కాబట్టి మీకు హ్యాంగ్ కనిపిస్తుంది. మీ లినక్స్ మెషీన్ పంపిందే పంపుతూ సుమారు పావుగంట ప్రయత్నించాక ఆశ వదులుకుంటుంది. ఖాళీగా ఉన్న కనెక్షన్ బతికుందో లేదో అది తనంతట తాను పరీక్షించుకునేది డిఫాల్ట్‌గా 7200 సెకన్లకు, అంటే రెండు గంటలకు. 350 సెకన్లకే మర్చిపోయే పరికరం మధ్యలో ఉంటే ఆ పరీక్షకు అర్థం లేదు. పీఎస్‌క్యూఎల్ కనెక్షన్‌లో 'కీప్‌అలైవ్స్_ఐడిల్' విలువను 60 లాంటి సంఖ్యకు తగ్గించడం అందుకే. ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) మీదుగా వెళ్లి ఆ సెషనే బిగుసుకుపోతే ఎంటర్, ఆ తర్వాత టిల్డా, ఆ తర్వాత చుక్క కొడితే మీ వైపు ప్రోగ్రామ్ ముగుస్తుంది.

ఇంట్లో కూర్చుని వీపీఎన్ మీద దూరపు సర్వర్లకు కనెక్ట్ అయ్యేవాళ్లను బాగా తిప్పలు పెట్టే రకం ఇంకొకటుంది. లాగిన్ అవుతుంది. 'సెలెక్ట్ 1' పనిచేస్తుంది. కొంచెం పెద్ద టేబుల్ చూడగానే ఆగిపోతుంది, ప్రతిసారీ. ఈథర్నెట్ మీద ఒక ప్యాకెట్ మామూలు గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కు తన కవరు తొడుగుతుంది కాబట్టి లోపల అంత చోటు ఉండదు. ఆ దారిలో పట్టని ప్యాకెట్ వచ్చినప్పుడు మధ్యనున్న రౌటర్ 'చిన్నది పంపు' అని వెనక్కి చెప్పాలి. ఆ సందేశాన్ని ఏ ఫైర్‌వాలో అడ్డుకుంటే పంపినవాళ్లకు సంగతి తెలియదు. చిన్న ప్యాకెట్లు దాటుతాయి, పెద్దవి మాయమవుతాయి.

దీన్ని పట్టుకోవడానికి ఒక చక్కని ప్రయోగం ఉంది. 'రిపీట్' ఫంక్షన్‌తో ఒకే అక్షరాన్ని 100 సార్లు తెప్పించండి, వస్తుంది. 5000 సార్లు తెప్పించండి, ఆగిపోతుంది. మధ్యలో ఎక్కడ తెగుతోందో వెతికితే, అది 1400కు కాస్త అటూ ఇటూగా ఉంటే అనుమానం దాదాపు రుజువైనట్టే. ఈ సందర్భంలో సర్వర్‌ను అడిగితే 'నా పని ఎప్పుడో అయిపోయింది, ఈ సెషన్ ఖాళీగా ఉంది' అంటుంది. క్లయింట్ 'ఇంకా జవాబు రాలేదు' అంటుంది. రెండూ నిజమే చెబుతున్నాయి. రెండు చివర్లా విని పోల్చినప్పుడే దారిలో లోపం ఉందని తెలుస్తుంది. డేటాబేస్ టీమ్ క్వెరీని, నెట్‌వర్క్ టీమ్ డేటాబేస్‌ను అనుమానిస్తూ రోజులు గడిచేది ఇలాంటి చోటే.

ఏ చివర ఆగిందో ఊహించకుండా చూడాలంటే లినక్స్‌లో 'ఎస్‌ట్రేస్' ఉంది. ఆగిన క్లయింట్ ప్రాసెస్ నంబరు ఇస్తే అది ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేసిన ఏ పిలుపు దగ్గర నిలబడిందో ఒక్క వరుసలో చూపిస్తుంది. కీబోర్డుకు గుర్తు 0, సర్వర్ కనెక్షన్‌కు 3 లేదా ఆ పైన ఏదో ఒక నంబరు. '0' దగ్గర చదవడానికి ఆగితే అది మీ కోసమే ఆగింది. కనెక్షన్ నంబరు దగ్గర ఆగితే సర్వర్ కోసం. 'వెయిట్4' అని ఉంటే పేజర్ ముగియడం కోసం.

## కంట్రోల్-సి నిజంగా ఏం చేస్తుంది?

నడుస్తున్న క్వెరీ మీద కంట్రోల్-సి కొడితే క్లయింట్ సర్వర్‌కు రెండో కనెక్షన్ తెరిచి 'ఫలానా సెషన్‌లో నడుస్తున్నది ఆపు' అని అడుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అది క్యాన్సిల్ రిక్వెస్ట్, మైఎస్‌క్యూఎల్‌లో 'కిల్ క్వెరీ'. కాబట్టి దారే తెగి ఉంటే ఈ మనవి కూడా చేరదు. 'క్యాన్సిల్ రిక్వెస్ట్ సెంట్' అని కనిపించాక కూడా ప్రాంప్ట్ రాకపోతే మొదట నెట్‌వర్క్‌ను అనుమానించాలి.

విండో మూసేయడం ఇంకా పెద్ద అపోహ. మీ వైపు ప్రోగ్రామ్ పోతుంది, కానీ సర్వర్‌లో క్వెరీ నడుస్తూనే ఉండొచ్చు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా జవాబు పంపబోయినప్పుడే అవతల ఎవరూ లేరని గమనిస్తుంది. గంటసేపు నడిచే అప్‌డేట్ అయితే ఆ గంటా తాళాలు అలాగే ఉంటాయి. విసుగొచ్చి మళ్లీ కనెక్ట్ అయి అదే క్వెరీ కొడితే ఇప్పుడు మీ పాత క్వెరీ వెనకే మీరు నిలబడతారు. 2021లో వచ్చిన 14వ వెర్షన్‌లో, క్వెరీ నడుస్తుండగానే అవతలి మనిషి ఉన్నారో లేదో మధ్యమధ్యలో చూసే 'క్లయింట్_కనెక్షన్_చెక్_ఇంటర్వెల్' చేర్చారు. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది.

చంపాక ఏమవుతుందన్న దాంట్లో రెండు డేటాబేసుల స్వభావాలు వేరు. పోస్ట్‌గ్రెస్ పాత వరుసలను చెరపకుండా పక్కన కొత్తవి రాస్తుంది, కాబట్టి రోల్‌బ్యాక్ దాదాపు వెంటనే అవుతుంది. చెత్తను తర్వాత 'వాక్యూమ్' అనే శుభ్రం చేసే పని ఎత్తుతుంది. ఇన్నోడీబీ వరుసను అక్కడికక్కడే మార్చి, పాతదాన్ని అన్‌డూ లాగ్‌లో దాస్తుంది. రోల్‌బ్యాక్ అంటే అవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి పెట్టడం. రెండు గంటలు నడిచిన అప్‌డేట్‌ను చంపితే వెనక్కి రావడానికి అంతకంటే ఎక్కువే పట్టొచ్చు. ప్రాసెస్‌లిస్ట్‌లో 'కిల్డ్' అని ఉంటుంది, సెషన్ మాత్రం పోదు. అప్పుడు సర్వర్‌ను రీస్టార్ట్ చేసినా లాభం లేదు, లేచాక మిగిలిన రోల్‌బ్యాక్ అక్కడి నుంచే కొనసాగుతుంది. 'షో ఇంజిన్ ఇన్నోడీబీ స్టేటస్'లో అన్‌డూ ఎంట్రీల సంఖ్య తగ్గుతుంటే పని నడుస్తోందని అర్థం. ఓపిక పట్టడమే అక్కడ వైద్యం.

సర్వర్ మెషీన్ మీదే పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ను 'కిల్ మైనస్ 9' చేయడం మాత్రం ఎంత తొందరలోనూ చేయకూడని పని. ఒక్క సెషన్ అలా కూలితే, అందరూ పంచుకునే మెమరీ పాడై ఉండొచ్చని భావించి పోస్ట్‌గ్రెస్ మిగతా సెషన్లన్నింటినీ తెంచి రికవరీలోకి వెళ్తుంది.

## గడువులు పెట్టాలా?

ఇంత జరిగాక ఎవరికైనా వచ్చే ఆలోచన, 'ఇంతసేపు దాటితే దానంతట అదే ఆగిపోయేలా పెట్టేస్తే పోదా?' అని. పోస్ట్‌గ్రెస్‌లో 'స్టేట్‌మెంట్_టైమ్‌అవుట్', 'లాక్_టైమ్‌అవుట్' ఉన్నాయి. రెండింటికీ డిఫాల్ట్ విలువ 0, అంటే ఎంతసేపైనా ఆగు. పని లేకుండా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ను తెంపేది 9.6లో వచ్చింది. మొత్తం ట్రాన్సాక్షన్‌కే గడువు పెట్టే 'ట్రాన్సాక్షన్_టైమ్‌అవుట్' 2024లో వచ్చిన 17లో చేరింది.

అన్నిచోట్లా పెట్టాలనేవాళ్ల వాదన బలమైనదే. ఒక మనిషి మతిమరుపు మొత్తం సైట్‌ను ఆపకూడదు. ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని మళ్లీ ప్రయత్నించగలదు, మౌనాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. వద్దనేవాళ్లు చూపించేవి కూడా నిజమైన కష్టాలే. నెలాఖరు రిపోర్టు నలభై నిమిషాలు నడవడం సహజం, దాన్ని ఐదు నిమిషాల గడువు ప్రతిసారీ చంపితే పని ఎప్పటికీ తెమలదు. బ్యాకప్ మధ్యలో తెగితే అది తెగిందని రీస్టోర్ చేయాల్సిన రోజున తెలిసే ప్రమాదం ఉంది. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ కూడా స్టేట్‌మెంట్_టైమ్‌అవుట్‌ను కాన్ఫిగరేషన్ ఫైల్లో అందరికీ కలిపి పెట్టడాన్ని సిఫారసు చేయదు.

ఇద్దరి మాటా నిలిచే పద్ధతి గడువును సర్వర్ మొత్తానికి కాకుండా రోల్‌కూ (అంటే డేటాబేస్ యూజర్‌కూ) సెషన్‌కూ కట్టడం. వెబ్‌సైట్ వాడే యూజర్‌కు కొన్ని సెకన్లు, రిపోర్టుల యూజర్‌కు గంట, బ్యాకప్‌కు గడువు లేదు. ఆల్టర్ కొట్టబోయే మనిషి మాత్రం తన విండోలో ముందుగా లాక్_టైమ్‌అవుట్‌ను 3 సెకన్లకు పెట్టుకుంటారు. తాళం దొరకకపోతే ఆ లారీ మూడో సెకన్లో పక్కకు తప్పుకుంటుంది, వెనకున్న సెలెక్టులు కదులుతాయి, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. మన ఉదాహరణలో 1:20కి రెండో విండోలో ఈ ఒక్క వరుస ఉండి ఉంటే, 1:21కి వచ్చిన సెలెక్ట్ లైనులో నిలబడేదే కాదు. భోజనానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి తీరిగ్గా కమిట్ కొట్టుకునేవారు.